పెళ్లి సీడీలో అమ్మ మొహం

మా అమ్మ నుదుటి మీద నిలువుగా ఒక గీత, దానికి అటూ ఇటూ చుక్కలు. రెండు చెంపల మీదా మూడేసి అడ్డగీతలు. గడ్డం మీద చిన్న ముగ్గులాంటి చుక్కల గుత్తి. అన్నీ పచ్చబొట్లే. ఆమె ఇంకా పావడా కట్టే వయసులో ఉండగా వాళ్ల ఊరి ఆడవాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని కూర్చోబెట్టి, దీపం మసీ ఆముదమూ కలిపి సూదులతో పొడిచారట. ఆ రోజు తాను పెట్టిన గావుకేకలకి పక్క కొండ మీద మేకలు చెదిరిపోయాయని అమ్మ చెప్పేది. నాకు కోతలు కోసే గుణం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి మీరే ఊహించుకోవచ్చు.

ఆ గుర్తులు లేకుండా పోయినవాళ్లని పైన మనవాళ్లు పోల్చుకోరని, ఎవరో పరాయివాళ్లనుకుని గుమ్మంలోనే నిలబెట్టేస్తారని మా పెద్దవాళ్లు అనేవాళ్లు. మాలో చాలామంది ఆ మాట నవ్వుతూ అనేవాళ్లు. అమ్మ మాత్రం నవ్వేది కాదు. మనకి రేషను కార్డు ఎలాగో ఆమెకి అవి అలాగ.

నేనేమో బొర్రా గుహల దగ్గర టార్చిలైటు పట్టుకుని వచ్చినవాళ్లకి రాళ్లు చూపించేవాణ్ణి. రాయిని రాయిగా చూపిస్తే ఎవరికీ సరదా ఉండదు. అందుకని కప్పు నుంచి వేలాడే రాళ్లని ఒక ముని గడ్డం అనేవాణ్ణి. ఆ గడ్డాన్ని వందేళ్లకోసారి గొరగాలనీ, కిందటిసారి గొరిగిన మంగలి మా తాతకి స్నేహితుడనీ చెప్పేవాణ్ణి. కలకత్తా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ మంగలి సంతానం ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను నీళ్లు నమిలేలోపు నా వెనక నుంచి మా చెల్లి, "ఉన్నారండి. పెద్దకొడుకుది అరకులో షాపు. చిన్నోడు ఇంకా నేర్చుకుంటున్నాడు" అంది. రెప్ప కూడా వెయ్యలేదు.

మా చెల్లి నాకంటే బాగా చిన్నది. హాస్టలు నుంచి సెలవులకి వచ్చినప్పుడల్లా గుహలో నా వెనకే తిరిగేది. అబద్ధం నాది, సాక్ష్యం దానిది. అన్నాచెల్లెళ్లు చాలామంది ఉంటారుగానీ ఇలాంటి పొత్తు నేనెక్కడా చూడలేదు. బయటివాళ్ల ముందు ఎన్ని చెప్పినా, ఇద్దరం ఒకరితో ఒకరం మాత్రం ఒక్కటి కూడా చెప్పుకోలేదు. అది ఎవరూ పెట్టని నియమం.

మా అయ్య పోయేనాటికి చెల్లి ఇంకా పాకుతోంది. అయ్య ఫొటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. దానికి అయ్య మొహం తెలియదు. అమ్మకి ఈ ఒక్క సంగతీ ముల్లులా ఉండేది.

చెల్లి చదువుకుంది, టీచరయింది, సాలూరు దగ్గర బళ్లో ఉద్యోగం తెచ్చుకుంది. అదే బళ్లో ఒక మేష్టరుని ఇష్టపడింది. మేం కొండవాళ్లం, వాళ్లు కింద ఊళ్ల వ్యవసాయదారులు. గొడవలవుతాయేమోనని నేను నాలుగు రకాల కథలు సిద్ధం చేసుకున్నానుగానీ ఒక్కటీ వాడే అవసరం రాలేదు. అబ్బాయి తల్లి కొండెక్కి మా ఇంటికి వచ్చి, అమ్మ పోసిన చోడి అంబలి తాగి, రెండో గ్లాసు అడిగి పుచ్చుకుంది. సంబంధం అక్కడే ఖాయమైపోయింది.

పెళ్లికి వీడియో పెడుతున్నారని తెలిసినప్పటి నుంచి అమ్మకి వేరే ధ్యాస లేదు.

"ఆ మిషన్లో నా మొకం పడతాదేట్రా?"

"పడతాదమ్మా. నువ్వు నడిసినా, నవ్వినా, ఎవుల్నైనా తిట్టినా, అన్నీ పడతాయి."

"మరి నాను పోయినాక?"

"నువ్వు పోయినా అది ఉంటాది."

అమ్మ చెల్లి వైపు తిరిగింది. "అయితే మంచిదేనే. రేపు నీకు పిల్లలు పుడతారు. ఆళ్లకి నా గుర్తులు తెలవాల. తెలకపోతే ఆళ్లు పైకొచ్చినాక నన్నెలగ పోల్చుకుంటారు? మీ అయ్యని సూడు. ఆయనక్కడ కూకుని ఎదురు సూత్తంటే, నువ్వు పక్కనుంచి దాటుకుని ఎలిపోతావు. ఎవులో ముసిలోడనుకుంటావు."

చెల్లి నవ్వింది. "అలగే అమ్మా, నిన్నే ఎక్కువ తీయమంటాను" అంది.

పెళ్లిలో అమ్మ పెళ్లికూతురి వెనక తిరగలేదు. కెమెరా వెనక తిరిగింది. పచ్చబొట్లు మెరవాలని మొహానికి ఆముదం రాసుకుంది. మంగళవాయిద్యాలు మోగుతున్నప్పుడు కూడా వీడియో అతని చొక్కా పట్టుకుని, "బావూ, ఈ పక్క సెంప తీసినావు, ఆ పక్కది తీయనేదు" అంటుంటే పెళ్లివారంతా నవ్వారు. నేనూ నవ్వాను. పీటల మీద తలొంచుకుని కూర్చున్న చెల్లి నవ్విందో లేదో నేను చూడలేదు.

సీడీ రావడానికి చాన్నాళ్లు పట్టింది. కాఫీ గింజలు కొనే షావుకారు దగ్గర ప్లేయరు అడిగి తెచ్చాను. ఆదివారం మధ్యాహ్నం ప్రార్థనకి వెళ్లినవాళ్లు కూడా తిరిగొచ్చాక, ఊరంతా మా వాకిట్లో చేరింది. టీవీని అరుగు మీద పెట్టాను. అమ్మకి ముందు వరసలో పీట.

మొదట గులాబీలు రాలాయి. తర్వాత ఒక హృదయం ఆకారం తిరుగుతూ వచ్చి, అందులో నుంచి మా చెల్లీ బావగారూ బయటపడ్డారు. వెనకాల మంచుకొండలు. మా పక్కింటి పిన్ని, "ఓలమ్మా, సాలూరులో ఇంత సలేసినాదేటి?" అంది. అందరం పడీపడీ నవ్వాం. అలా నవ్వుతూ ఉండగానే తెర మీదికి ఒక ముసలావిడ వచ్చింది.

మొదట నాకే తెలియలేదు. గోధుమపిండిలో ముంచి తీసినట్టున్న మొహం. నున్నగా, తెల్లగా, నుదుటి మీద ఏమీ లేదు, చెంపల మీద ఏమీ లేదు. ముక్కుపోగులు మాత్రం ఉన్నాయి. చీర మా అమ్మది. ఆవిడ పక్కకి తిరిగినప్పుడు ఇంకో చిత్రం జరిగింది. మొహం ముందు తిరిగింది, ఆ తెలుపు కాస్త ఆలస్యంగా తిరిగింది. ఆ మధ్యలో రెప్పపాటు చెంప తెలుపు వెళ్లి వెనకున్న గోడకి అంటుకుంది. పిల్లలు గొల్లున నవ్వారు. "మళ్లీ ఎయ్యి, మళ్లీ ఎయ్యి" అని అరిచారు.

"ఓలప్పా, నీకంత పౌడరు ఎవులు రాసినారే?" అంది పిన్ని.

"ఇదెవుల్రా?" అని నన్ను అడిగింది అమ్మ.

"నువ్వే అమ్మా."

"నాను కాదు."

లేచి టీవీ దగ్గరికి వెళ్లింది. తెర మీది చెంపని బొటనవేలితో రుద్దింది. గాజు మీద దుమ్మేమోనని కొంగుతో తుడిచింది. ఈలోపు తెర మీద తలంబ్రాలు వచ్చేశాయి, వాకిలంతా మళ్లీ కేరింతలు. అమ్మ లోపలికి వెళ్లి, దువ్వెన పెట్టుకునే గూట్లోంచి అద్దం తెచ్చుకుని, ఎండలోకి వచ్చి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది.

"పాతబడిపోనాయిరా" అంది చివరికి. "సిన్నప్పుడు పొడిసినయ్యి కదా, ఎలిసిపోనాయి. అందుకే మిషనుకి కనబడనేదు. ఆ బాబుదేటి తప్పు? పాపం, నాను ఊరికే ఆడి సొక్కా పట్టుకునీసినాను."

అబద్ధాలతో బతికేవాడికి ఒక లాభం ఉంటుంది. ఇంకొకడు కల్పించినదాన్ని చూడగానే వాసన పట్టేస్తాడు. కెమెరాకి కనబడకపోవడం వేరు, తుడిచెయ్యడం వేరు. మర్నాడు కొండ దిగి, బస్సు మీద బస్సు మారి సాలూరు చేరాను.

స్టూడియో అతను నన్ను చూసి సంబరపడ్డాడు. "రండి రండి, పెళ్లికూతురి అన్నగారు కదా!" అని కుర్చీ లాగి, కూల్‌డ్రింకు తెప్పించాడు. అమ్మ మొహం సంగతి ఎత్తగానే అతని ఛాతీ ఇంకాస్త పొంగింది.

"సూసినారా! ఈ సుట్టుపక్కల అలాటి పని ఇంకెవులూ సెయ్యరండి. ఒక్కో ముక్కా ఆపి, మచ్చ ఉన్న సోట సరిపోయిన రంగు ముక్క ఎయ్యాల. మళ్లీ కొంచెం కదిపి, మళ్లీ ఎయ్యాల. మీ అమ్మగారేమో ఓ సోట నిలబడరు. అక్కడక్కడ ఆ రంగు ముక్క జారిపోనాది గాని, పట్టిపట్టి సూస్తే తప్ప తెల్దు."

"మచ్చ కాదండి అది. ఎవరు చెయ్యమన్నారు?"

"అదేటండి అలాగంటారు? మీ చెల్లెమ్మగారే. ఈ కుర్చీలోనే కూకుని దగ్గరుండి సేయించుకున్నారు. గెడ్డం మీద ఓ సుక్క ఉండిపోతే, నానే సూసుకోనేదు, ఆవిడే వేలెట్టి సూపించి, అదీ తీసీయండన్నారు."

నేను కూర్చున్న కుర్చీ అదే. లేచి నిలబడ్డాను. అసలు కేసెట్టు ఉంటే ఇమ్మన్నాను, అందులో అమ్మ అమ్మలాగే ఉంటుంది కదా. అతను నొచ్చుకున్నాడు. దాని మీద అప్పుడే పార్వతీపురంలో ఇంకో పెళ్లి తీసేశారట. కేసెట్లు అలాగే తిరుగుతాయిట. మా అమ్మ మొహం మీద ఇప్పుడు ఎవరో భోజనాలు చేస్తున్నారన్నమాట.

అక్కడి నుంచి చెల్లి ఇంటికి నడిచాను. ఆ నడకలో దాని తరఫున నేనే కారణాలు వెతికాను. అత్తగారు పోరు పెట్టి ఉంటుంది. బావగారు మొహమాట పెట్టి ఉంటాడు. కట్టుకథలు అల్లడం నాకు కష్టం కాదు కదా, ఇంటికి చేరేసరికి దాన్ని పూర్తిగా నిర్దోషిని చేసేశాను.

అత్తగారు వరండాలో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే, "రా బాబూ, మీ అమ్మ బాగున్నాదా?" అంది. "ఆ సీడీ ఏటి అలగొచ్చినాది? మా అప్పసెల్లెళ్లకి మీ అమ్మ పచ్చబొట్లు సూపిద్దునని ఏసినాను. ఒక్కటీ కనబళ్లేదు. మా అమ్మకీ సేతుల మీద ఉండేవి బాబూ, నాకు పచ్చబొట్లంటే ఇష్టం."

వంటింట్లో చెల్లి టీ పెడుతోంది.

"అమ్మ మొహానికి ఏమైంది?" అన్నాను.

"లైటు ఎక్కువైపోయిందంట అన్నియ్యా. ఆ వీడియో ఆయనకి పనే రాదు." అలా అంటూ జడ కొస చేతిలోకి తీసుకుని వేలికి చుట్టుకుంది. గుహలో సాక్ష్యం చెప్పేటప్పుడు దాని చెయ్యి ఎప్పుడూ అక్కడికే వెళ్లేది. వచ్చినవాళ్లకి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. నాకు తెలుసని దానికీ తెలుసు. జడ వదిలేసింది.

"స్టూడియోకి ఎళ్లొచ్చాను" అన్నాను.

టీ పొంగింది. స్టవ్ తగ్గించింది.

"అందరూ సూస్తారు కదా అన్నియ్యా. ఈళ్ల చుట్టాలు, బళ్లో టీచర్లు. తలో మాటా అంటారు."

"అన్నారా?"

"అనలేదు."

"మీ అత్తగారు అడిగిందా?"

"లేదు."

"మీ ఆయన?"

"ఆయనకి అసలు తెలీదు."

"మరి?"

"అంటారు. నీకు తెలీదు. హాస్టల్లో అన్నారు. అమ్మ నన్ను సూడ్డానికొస్తే నాతో సదివే గుంటలంతా కిటికీల్లోకి ఎక్కి సూసేవోరు. అమ్మ కాదు, మా ఊరావిడ అని సెప్పేదాన్ని." ఇది నాకు కొత్త సంగతి. అమ్మకి కూడా తెలియదు. నెలకోసారి చోడిపిండి మూట నెత్తిన పెట్టుకుని ఆ హాస్టలుకి నడిచి వెళ్లేది అమ్మ.

అప్పుడు అది నా చెయ్యి పట్టుకుంది. "నువ్వే అమ్మకి ఏదో ఒకటి సెప్పు అన్నియ్యా. నీకు సేతనవుద్ది కదా. నువ్వేం సెప్పినా నేను అవునంటాను."

అంతవరకు నాలో కోపమే ఉంది. ఆ మాట విన్నాక కోపం కూడా నిలవలేదు. మునిగడ్డం కథకి సాక్ష్యం చెప్పిన గొంతే అది, అదే చనువు. గుహకి వచ్చినవాళ్లని నవ్వించడానికి ఇద్దరం కలిసి పెంచుకున్న విద్యని తీసుకెళ్లి అమ్మ మీద వాడమంటోంది. గ్లాసులో పోసిన టీ అలాగే వదిలేసి వచ్చేశాను. అత్తగారు వెనక నుంచి, "బాబూ, అన్నం తినీసి ఎళ్లు" అని పిలుస్తూనే ఉంది.

రాత్రి బస్టాండులో పడుకుని, మర్నాడు ఇంటికొచ్చేసరికి తలుపు గొళ్లెం పెట్టి ఉంది. అమ్మా పిన్నీ ముంచింగిపుట్టు సంతకి వెళ్లారని చెప్పారు. చింతపండో చీపుళ్లో అమ్ముకోవడానికి వెళ్లి ఉంటుందనుకున్నాను. పొద్దు వాలుతుండగా జీపు వెనక నుంచి దిగింది. ఒక్కక్షణం, టీవీలో లాగే, నాకు అమ్మ తెలియలేదు. మొహం గుమ్మడికాయంత వాచిపోయింది. కళ్లు సన్నగా రెండు గీతలు. మొహమంతా పసుపూ నూనే. ఆ పసుపు కింద నుదురూ చెంపలూ గడ్డమూ కొత్తగా, నల్లగా, తడిగా.

"ఒడిశా నుంచొచ్చిన గుంట" అంది అమ్మ, పెదాలు సరిగ్గా కదలక మాట ముద్దగా వస్తోంది. "బేటరీ మిషను తెచ్చినాది. గీతల మీదే గీతలు ఏయించినాను. ఈ వయసులో నీకేలే అవ్వా అన్నాది. కెమేరా కోసమే అన్నాను. ఎంత నవ్వినాదో."

"పొడుత్తుంటే కిక్కురుమననేదురా" అంది పిన్ని. "సిన్నప్పటి మేకలు ఇంకా తిరిగి రానేదంట, మళ్లీ ఏల బెదరగొట్టాలా అన్నాది."

అమ్మ నవ్వబోయి, నొప్పికి చెంప పట్టుకుంది. "సాలూరెళ్లినావు కదా, ఆ బాబు ఏటన్నాడు? మళ్లీ తీత్తానన్నాడా?"

చెప్పాలన్న మాట నోటిదాకా వచ్చింది. ఆమె మొహంలోకి చూస్తూ చెప్పలేకపోయాను. నీ గుర్తులు వెలిసిపోలేదు, నీ కూతురు వేలు పెట్టి చూపించి మరీ చెరిపించింది అని ఆ వాపు ముందు ఎలా చెప్పడం? కథ కూడా ఏమీ చెప్పలేదు. ఆ వారం అమ్మ గంజి తప్ప ఏమీ మింగలేకపోయింది. జ్వరం కూడా వచ్చింది. ఆ మూలుగు మధ్యలోనూ అద్దం అడిగేది.

చెల్లి అప్పటికి నీళ్లోసుకుంది. ఆ మాట చెప్పడానికి బావగారితో కలిసి వచ్చింది. ఆయన కొత్తగా చిన్న కెమెరా కొన్నాడు, వీడియో కూడా వస్తుందట. వాకిట్లోకి అడుగు పెట్టి అమ్మ మొహం చూసిన చెల్లి అక్కడే ఆగిపోయింది. వాపు తగ్గింది, పెచ్చులు రాలుతున్నాయి, కింద గీతలు బొగ్గుతో గీసినట్టున్నాయి.

"కడుపుతో ఉన్నావు, అలగ కొయ్యబారిపోకే" అంది అమ్మ. "సూడు, ఎంత నల్లగా తేలినాయో. కెమేరా తెచ్చినాడేటి అల్లుడు? నువ్వే తీయే. ఆ సాలూరు బాబొద్దు."

అమ్మ అరుగు మీద ఎండకి ఎదురుగా కూర్చుంది. చెల్లి కెమెరా పట్టుకుంది. అమ్మ గొంతు సవరించుకుని, అందులోకి చూస్తూ, ఇంకా పుట్టనివాళ్లతో మాట్లాడటం మొదలుపెట్టింది. "అమ్మలూ, బావులూ, నాను మీ అమ్మమ్మని. సరిగ్గా సూడండి. ఇది నుదుటి గీత. ఇయ్యి సెంపల గీతలు, మూడూ మూడూ. ఇది గెడ్డం. మీరెప్పుడొచ్చినా కంగారు నేదు, బేగి రాకండి, ముసిలోలయ్యి రండి. గుమ్మంలోనే కూకుంటాను. ఇయ్యి సూసి పోల్చుకోండి." ఆగి, చెల్లిని అడిగింది. "పడతన్నాయేటే?"

"పడతన్నాయమ్మా."

"మరి పెళ్లిలో ఏల పడనేదు?"

చెల్లి కెమెరా దించకుండానే నా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. గుహలో ఎవడైనా గట్టి ప్రశ్న వేస్తే, నువ్వు మొదలుపెట్టు అని అలాగే చూసేది. ఈసారి మొదలుపెట్టి, నిజమే చెప్పేద్దామని నేను నోరు తెరిచాను.

"నువ్వు మాటాడకురా!" అని చెయ్యెత్తింది అమ్మ. "నీ గొంతు ఇందులో పడితే పిల్లలు నన్ను కూడా నీ గుహలో రాయనుకుంటారు."

బావగారు పగలబడి నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా చెల్లి ఊరుకుంది. ఆగాక, "పాతబడిపోయాయి కదమ్మా" అంది. "అందుకే పడలేదు. ఇప్పుడు బాగున్నాయి."

అమ్మ తృప్తిగా తలూపింది. ఆ వీడియోలో ఇవన్నీ ఉన్నాయి, చెల్లి మాటతో సహా.

ఆ తర్వాత చెల్లి నేనూ మాట్లాడుకోవడం మానెయ్యలేదు. మంచీచెడ్డా కనుక్కుంటాం. కానీ అది ఏం చెప్పినా నా కళ్లు ముందు దాని చేతుల మీదికి పోతాయి. దానికీ తెలుసు, నన్ను చూడగానే చేతులు కొంగులో చుట్టుకుంటుంది.

మా మేనకోడలికి మాటలు వచ్చే వేళకి అమ్మ పోయింది. ఆ పిల్లకి అమ్మమ్మ అంటే అరుగు మీది వీడియోయే. దాన్ని ఎన్నిసార్లు చూసిందో, తన బొమ్మలన్నిటికీ పెన్నుతో నుదుటి గీత, చెంపలకి మూడూ మూడూ పెట్టేసింది. అమ్మ పని అయిందనుకున్నాను.

ఒక పండగ పూట నేను సాలూరు వెళ్లినప్పుడు బావగారు సరదాపడి పెళ్లి సీడీ వేశాడు. పిల్ల నా ఒళ్లో కూర్చుని మంచుకొండలు చూసి చప్పట్లు కొట్టింది. ఆ ముసలావిడ వచ్చింది. పిల్ల ఒళ్లోంచి దిగి టీవీ దగ్గరికి వెళ్లి, కింద నుంచి పైకి చూసింది.

"అమ్మా, ఈవిడెవరు?"

చెల్లి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బావగారు ఫోనొచ్చి బయటికి వెళ్లాడు. గదిలో మేం ముగ్గురమే.

"పెళ్లికొచ్చినావిడ" అంది చెల్లి.

"మనకి ఏటవుద్ది?"

"ఏటీ అవదు."

పిల్ల సరేనని వెనక్కొచ్చి నా ఒళ్లో సర్దుక్కూర్చుంది. రిమోటు నా చేతిలో పెట్టి, ఈవిడ అయిపోయేదాకా దాటించు మావయ్యా అంది.